కొత్త నర్సు ప్రశ్నలు అడగడం మానేస్తే: ఒక వార్డు ఇన్‌ఛార్జికి సమాధానం

అడిగిన ప్రశ్న ఇది: "జిల్లా ఆసుపత్రిలో ముప్పై పడకల మెడికల్ వార్డుకు ఆరు నెలల క్రితం ఇన్‌ఛార్జిగా వచ్చాను. గత నెలలో ముగ్గురు కొత్త స్టాఫ్ నర్సులు చేరారు. ఇద్దరు ఎలాగో నెట్టుకొస్తున్నారు. మూడో అమ్మాయి చదువులో ముందుండేదట, ఇక్కడ మాత్రం చేతులు వణుకుతున్నాయి. మొన్న స్టోర్ రూములో ఏడుస్తూ కనబడింది, రాజీనామా చేస్తానంటోంది. వచ్చే ఆదివారం ఆమెకు మొదటి నైట్ డ్యూటీ. ఇదే సమయంలో జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా రెండో సంవత్సరం విద్యార్థులు పన్నెండు మంది పోస్టింగుకు వచ్చారు. సీనియర్లేమో 'మా కాలంలో మాకు ఎవరు నేర్పారు' అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్?"

సిస్టర్, మీ దిగులంతా మూడో అమ్మాయి గురించే. నా దిగులు మాత్రం "ఎలాగో నెట్టుకొస్తున్న" ఆ ఇద్దరి గురించి. ఏడుస్తున్న పిల్లకు తనకు ఏమి రాదో తెలుసు. అది తెలిసినవాళ్ల వల్ల రోగికి వచ్చే ప్రమాదం తక్కువ. మిగతా ఇద్దరూ పనిని ఎలా నెట్టుకొస్తున్నారో పక్కన నిలబడి ఎప్పుడైనా చూశారా? రేపు ఉదయం ఒక పని చేయండి. వాళ్లు రాసిన టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులు తీసి, శ్వాస అంకె ఒక్కటే పడక తరవాత పడకగా చదువుకుంటూ పోండి. ముప్పై మందికీ 20 అని ఉన్నా, 18, 20, 18, 20 అని ముగ్గు చుక్కల్లా వరస తప్పకుండా ఉన్నా, ఎవరి ఛాతీ వైపూ ఎవరూ చూడలేదన్నమాట. న్యుమోనియాతో నిమిషానికి ముప్పై రెండుసార్లు ఊపిరి తీస్తున్న మనిషికి కూడా చార్టులో 20 పడుతుంది. అతని పరిస్థితి దిగజారుతోందని మనకు చెప్పే మొదటి గుర్తు అదే, దాన్నే మనం చూడకుండా రాసేస్తున్నాం.

వాళ్లేమీ అబద్ధాలకోరు పిల్లలు కారు. వార్డులో అందరూ అలాగే రాస్తుంటే "నిమిషం పాటు లెక్కపెట్టాలా మేడమ్?" అని అడగడానికి సిగ్గుపడ్డారు, అంతే. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో, అందులో పధ్నాలుగేళ్లు మీలాగే వార్డు తాళాల గుత్తి మోస్తూ, కొత్త నర్సును అంచనా వేయడానికి నాకు మిగిలిన కొలత ఒక్కటే. రోజుకు ఎన్ని ప్రశ్నలు అడుగుతోంది? మొదటి వారం ఇరవై అడిగి, మూడో వారానికి ఒక్కటీ అడగడం లేదంటే పని వచ్చేసిందని సంతోషపడకండి. ఒక్క నెలలో ఎవరికీ పని రాదు. అడిగితే ఏమవుతుందో తెలిసి వచ్చి మానేసింది.

ఈ మాట నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఇది నేను గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

చాలా ఏళ్ల క్రితం, నేను ఇన్‌ఛార్జిగా ఉన్న వార్డులో ఒక చక్కెర వ్యాధి రోగి బంధువులు బయట మందుల షాపులో ఇన్సులిన్ కొని తెచ్చారు. మన వార్డుల్లో మామూలుగా వాడేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా. దానికి ఎర్ర మూత సిరంజి. వాళ్లు తెచ్చింది 100 యూనిట్లది. దానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. ఆ రోజు డ్యూటీలో ఉన్న కొత్త అమ్మాయి అలవాటుగా ఎర్ర మూత సిరంజి తీసి 20 గీత వరకు లాగి ఇచ్చింది. లెక్క వేసి చూడండి, వెళ్లింది 20 కాదు, 50 యూనిట్లు. రాత్రి ఆ రోగి చెమటలు పట్టి, పిలిస్తే పలకని స్థితిలో ఉండగా పక్క పడక రోగి భార్య చూసి కేక వేసింది. గ్లూకోజు ఎక్కించారు, ప్రాణం నిలిచింది. మర్నాడు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. ఆమె చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "సీసా మీద 100 అని చూశాను మేడమ్. అడుగుదామనుకున్నాను. అప్పటికే పొద్దున్నుంచి రెండుసార్లు అడిగాను కదా అని ఊరుకున్నాను."

ఆ రెండుసార్లూ విసుక్కున్నది నేనే.

కాబట్టి మీ సీనియర్లు "మాకు ఎవరు నేర్పారు" అంటే నా జవాబు ఇది: మనకు రోగులు నేర్పారు, వాళ్ల ఒంటి మీద నేర్చుకున్నాం. ఆ ఫీజు ఎవరు కట్టారో మనం ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

ఇక ఆ అమ్మాయి ఎందుకు ఏడుస్తోందో చూద్దాం. కాలేజీ ల్యాబులో బొమ్మకు సిర ఎప్పుడూ దొరుకుతుంది, బొమ్మ "అబ్బా" అనదు. ట్రేలో అన్నీ అమర్చి ఉంటాయి, ఒక్క ఇంజెక్షనుకు ఇరవై నిమిషాలు పట్టినా టీచరు మెచ్చుకుంటుంది. వార్డులో తొలి ఉదయమే పన్నెండు సెలైన్లు, రెండు కొత్త కేసులు, ఒక డిశ్చార్జి, సెలవులో ఉన్న ఎఫ్‌ఎన్‌ఓ (వార్డు సహాయకురాలు), స్టోరుకు ఇండెంటు పెట్టినా రాని గ్లౌజులు, చుట్టూ మూగి "సిస్టర్, మా నాన్నకు ఇంకా సెలైన్ మార్చలేదు" అనే బంధువులు. సరైన పద్ధతి ఆమెకు తెలుసు, దాన్ని పాటించే వీలు కనబడదు. బాగా చదివిన పిల్లకే ఈ బాధ ఎక్కువ. చదువు రానివాళ్లకు తప్పు చేస్తున్నామని తెలియదు కదా. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సు 1974లోనే దీనికి "రియాలిటీ షాక్" అని పేరు పెట్టింది. అంటే అన్ని సౌకర్యాలూ ఉన్న చోట కూడా కొత్త నర్సులు స్టోర్ రూముల్లో ఏడ్చారన్నమాట. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పండి. "నీ ఒక్కదానికే కాదు" అన్న మాటకు చాలా బలం ఉంటుంది.

ఓదార్పుతో మాత్రం ఆగిపోవద్దు. ఆమెకు కావలసింది పక్కన నిలబడే ఒక మనిషి. "ఎవరినైనా అడుగు" అంటే ఎవరినీ అడగదు. పేరు పెట్టి ఒకరిని అప్పగించండి. రెండు నెలల పాటు ఆ మనిషికీ ఈమెకూ ఒకే షిఫ్టు వేయండి. డ్యూటీ చార్టు గీసేది మీరే కాబట్టి దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరిని ఎంచుకోవాలన్నది ముఖ్యం. అందరికన్నా సీనియరును కాదు, అందరికన్నా వేగంగా సిరలోకి కాన్యులా గొట్టం పెట్టేవారినీ కాదు. చేరి రెండు మూడేళ్లయిన, తన మొదటి నెలలు ఇంకా మరచిపోని నర్సును చూడండి. పని నేర్పడం ఇష్టం లేని సీనియరును బలవంతం చేయకండి. వాళ్లకు ఇండెంట్లు, లెక్కల పుస్తకాలు, ఆరోగ్యశ్రీ కాగితాలు అప్పగించి, నేర్పే అమ్మాయికి ఆ మేరకు పని తగ్గించండి. నేర్పడం కూడా పనే, దాన్ని ఆమె పని మీద అదనంగా వేస్తే వారం రోజుల్లో ఇద్దరూ అలిసిపోతారు.

మొదటి రోజు మందులు, ఇంజెక్షన్లు ఏవీ చేయించకుండా వార్డు చూపించండి. ఇది వృథా అనిపిస్తుంది, కానీ ఆమె భయంలో సగం అక్కడే ఉంది. చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ ఎక్కడ ఉంది, దానికి సరిపోయే మాస్కు ఉందా, సక్షన్ యంత్రం పనిచేస్తోందా, ఆక్సిజన్ సిలిండరు తాళం చెవి ఎక్కడ కట్టారు. మన దగ్గర ఆ చెవి గాజుగుడ్డ ముక్కతో సిలిండరు మెడకు కట్టి ఉంటుంది, లేదా ఉండాల్సిన చోట ఉండదు. రోగి నీలం రంగుకు తిరుగుతుంటే చెవి కోసం మూడు వార్డులు పరుగెత్తిన నర్సును నాకు తెలుసు. ఎమర్జెన్సీ ట్రేలో అడ్రినలిన్, అట్రోపిన్ ఏ గడిలో ఉన్నాయో ఆమెను కళ్లు మూసుకుని తీయమనండి. నవ్వుతుంది, కానీ రెండోసారికి తీస్తుంది.

తరువాత రోగులను ఇవ్వండి. ముప్పై మందిని కాదు, నలుగురిని. ఆ నలుగురికీ అన్నీ ఆమే చేయాలి: మందులు, సెలైన్లు, కొలతలు, నోట్సు, తరువాతి షిఫ్టుకు ఓవర్ (అప్పగింత) ఇవ్వడం. మన వార్డుల్లో ఒకరు ఇంజెక్షన్లు, ఒకరు బీపీలు, ఒకరు కేస్ షీట్లు అని పంచుకునే అలవాటు ఉంది. పని త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ అలా పెరిగిన పిల్లకు ఇంజెక్షన్ తెలుస్తుంది, రోగి తెలియడు. నలుగురిని పూర్తిగా చూసిన వారం తరవాత ఆరుగురు, ఆపై ఎనిమిది మంది. మీ దగ్గర ఉన్న సిబ్బందితో అంత కూడా కష్టమేనని నాకు తెలుసు. రెండు వారాలైనా పట్టుబట్టండి.

మొదటి నెలలో మీరు స్వయంగా నేర్పవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి ఎవరికీ వదలకండి. ఇన్సులిన్ సంగతి పైన చెప్పాను. రెండోది పొటాషియం క్లోరైడ్. పది మిల్లీలీటర్ల ఆంప్యూల్, చూడటానికి డిస్టిల్డ్ వాటర్ లాగానే ఉంటుంది. అందులో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి, నేరుగా సిరలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని ఇంజెక్షన్ ట్రేలో ఉంచనివ్వకండి. బీరువాలో, వేరే డబ్బాలో, పైన ఎర్ర సిరాతో "కలిపి మాత్రమే" అని రాసి పెట్టండి. కలిపేటప్పుడు రెండో మనిషి చూడాలి. మూడోది చుక్కల లెక్క. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో వెళ్లాలంటే మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టుతో నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఈ లెక్క పరీక్షలో అందరూ వేస్తారు. వార్డులో మాత్రం సెలైన్ గొట్టం మీది రోలరును బొటనవేలితో తిప్పి "సుమారుగా" అంటారు. గుండె జబ్బు ఉన్న ముసలాయనకు ఆ "సుమారు" గంటలో సీసా ఖాళీ చేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. నోటి లెక్క రాకపోతే చిన్న పుస్తకంలో పట్టిక రాసుకుని జేబులో పెట్టుకోమనండి. చూసి వేయడంలో సిగ్గు ఏమీ లేదు, నేను చివరి రోజు వరకు చూసే వేశాను.

మరొక విషయం, మీ గురించి. అనుభవం ఉన్న నర్సుకు తను చేసే పని తనకే కనబడదు. అమెరికా నర్సు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో నర్సుల మీద చేసిన అధ్యయనంలో చెప్పింది ఇదే. కొత్తవాళ్లు నియమం పట్టుకుని నడుస్తారు, ఆరితేరినవాళ్లు మొత్తం దృశ్యాన్ని ఒక్కసారిగా చూసి కదులుతారు. మీరు తలుపు దగ్గర నిలబడి పద్నాలుగో పడక వైపు ఒక్క చూపు చూసి "ఈయన బాగా లేడు" అంటారు. ఆ పిల్లకు అది మంత్రంలా ఉంటుంది. మంత్రం కాదని చూపించాలంటే లోపల అనుకునేది పైకి అనండి. "చూశావా, నిన్న పడుకుని మాట్లాడాడు, ఇవాళ కూర్చుంటే గానీ మాట రావడం లేదు. మెడ కండరాలు లాగుతున్నాయి. భోజనం ప్లేటు అలాగే ఉంది. అందుకే ముందు ఈయన దగ్గరికి వెళ్తున్నాను." దీనికి విడిగా సమయం అక్కర్లేదు. రౌండు చేస్తూ మాట్లాడటమే. నాకు తెలిసినంతలో దీన్ని మించిన పాఠం లేదు.

డాక్టరుతో మాట్లాడటం కూడా నేర్పాలి. రాత్రి పీజీ డాక్టరుకు ఫోను చేయాలంటే కొత్త నర్సులు గజగజలాడతారు. "సార్, ఆరో పడక రోగికి ఏదో అవుతోంది" అంటే అటువైపు నుంచి విసుగే వస్తుంది. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన ఒక పద్ధతి ఉంది, ఎస్‌బార్ అంటారు. తెలుగులో నేను నాలుగు మాటల్లో చెప్పేదాన్ని: ఇప్పుడు ఏమైంది, ఎవరు ఈ రోగి, నేను ఏమి చూశాను, మీరు ఏమి చేయాలి. ఫోను ఎత్తే ముందు కాగితం మీద రాసుకోవాలి. "సార్, మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సును. ఆరో పడక రోగికి ఊపిరి ఆడటం లేదు. అరవై ఏళ్ల మనిషి, న్యుమోనియాతో నిన్న చేరారు. శ్వాస 34, ఆక్సిజన్ 86, బీపీ 90/60, గంట క్రితం ఇలా లేరు. ఆక్సిజన్ పెట్టాను. మీరు వచ్చి చూడాలి." ఆ చివరి వాక్యం దగ్గరే మన పిల్లలు తడబడతారు. "మీరు వచ్చి చూడాలి" అని డాక్టరుతో అనవచ్చా అని వాళ్లకు అనుమానం. అనవచ్చు, అనాలి. స్టోర్ రూములో మీరే డాక్టరుగా నటించి రెండుసార్లు చేయించండి. కాస్త కసురుకుంటూ నటించండి, అలవాటవుతుంది. ఫోనులో మందు చెబితే రాసుకుని తిరిగి చదివి వినిపించాలి, డాక్టరు రాగానే సంతకం చేయించుకోవాలి.

తప్పు జరిగినప్పుడు మీరు ఏమి చేస్తారన్నది మీ వార్డు మొత్తం చూస్తుంది. నేను చేరిన మూడో నెలలో ఇద్దరు లక్ష్ములు పక్కపక్క పడకల్లో ఉండేవారు. మన ఊళ్లలో వార్డుకు ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం మామూలే. ఒకరికి ఇవ్వాల్సిన లాసిక్స్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) ఇంజెక్షన్ ఇంకొకరికి ఇచ్చాను. పేరు పెట్టి పిలిచాను, ఆమె "ఊ" అంది, ఇచ్చేశాను. గుర్తించిన వెంటనే కాళ్లు చల్లబడ్డాయి. మా హెడ్ సిస్టర్ గట్టి మనిషి, ఆమె కేకలకు వరండాలో పిల్లులు పారిపోయేవి. ఆ రోజు కేక వేయలేదు. ముందు రోగి దగ్గరికి నడిచింది, బీపీ చూసింది, నా చేత డ్యూటీ డాక్టరుకు చెప్పించింది, ఆ తల్లికి జరిగింది చెప్పి, ఈ రాత్రి బాత్రూముకు ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది, తోడుగా మనిషిని ఉంచుకోమంది. తరువాత కూర్చోబెట్టి జరిగినది జరిగినట్టు నా చేతే రాయించింది. మర్నాడు ఇంజెక్షన్ ట్రే మళ్లీ నా చేతికే ఇచ్చింది. "ఇవాళ కూడా నువ్వే" అంది. ఆ రోజు నుంచి ఆ వార్డులో ఒకే పేరున్నవాళ్లను పక్కపక్కన పడుకోబెట్టలేదు, మనిషిని "మీరు లక్ష్మి గారేనా" అని కాకుండా "మీ పేరు చెప్పండమ్మా, మీ ఆయన పేరు చెప్పండి" అని అడిగి, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) చూసి ఇచ్చేవాళ్లం. ఆమె తిట్టి ఉంటే నేను మరింత జాగ్రత్తపడేదాన్ని అని కొందరు అంటారు. కాదు, తరువాతి తప్పును మరింత జాగ్రత్తగా దాచేదాన్ని.

రోగుల ముందు, బంధువుల ముందు కొత్త నర్సును కసరకండి. ఒక్కసారి కసిరితే ఆ రోగి ఆమె చేతి ఇంజెక్షన్ మళ్లీ తీసుకోడు. బంధువులు ఆమె మీద గొంతు పెంచితే మధ్యలోకి వెళ్లండి, "నాతో మాట్లాడండి" అనండి.

విద్యార్థుల విషయానికి వస్తాను. మీరు కొత్త నర్సులనూ విద్యార్థులనూ ఒకే ప్రశ్నలో కలిపారు గానీ, వీళ్లు వేరు. కొత్త స్టాఫ్ నర్సు మీ సిబ్బంది. విద్యార్థిని మీ సిబ్బంది కాదు. రక్తం సీసాలు ల్యాబుకు మోయడానికి, ఫార్మసీకి పరుగెత్తడానికి, డాక్టరుకు టీ చెప్పడానికి వచ్చిన మనిషి కాదు. మన దగ్గర సిబ్బంది కొరతంతా వాళ్లతో పూడ్చుకుంటున్నాం, వాళ్లు సెలవులకు వెళ్తే వార్డు కుంటుతుంది. ఈ అలవాటును మీరు ఒక్కరు మార్చలేరు, కానీ మీ ముప్పై పడకల్లో కొంత తగ్గించగలరు.

మన నర్సింగ్ కౌన్సిల్ లెక్క పదిమంది విద్యార్థులకు ఒక టీచరు. వాళ్ల ట్యూటరును కలిసి ఈ పోస్టింగులో వీళ్లు ఏమి నేర్చుకోవాలో ఒక కాగితం మీద రాయించుకోండి. పన్నెండు మందినీ గుంపుగా నర్సుల బల్ల చుట్టూ నిలబడనివ్వకుండా ఒక్కొక్కరికి ఒక్క రోగిని వారం పాటు ఇవ్వండి. ఆ రోగి పేరు, ఊరు, ఇంటి పరిస్థితి, మందులు ఎందుకు ఇస్తున్నారో, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటో ఆ విద్యార్థిని మీకు చెప్పాలి. పాత బ్యాచ్ వాళ్ల కేస్ స్టడీ పుస్తకం చూసి రాస్తే ఒక్క ప్రశ్నతో దొరికిపోతారు: "ఆయన ఇంటికి వెళ్లాక మందులు కొనగలరా?"

ఏ పనైనా మొదట చూడాలి, తరువాత మీ చేతి కింద చేయాలి, ఆపైనే మీ కళ్ల ముందు తానుగా చేయాలి. రోగిని అడగకుండా చేయించకండి. "ఈ అమ్మాయి నేర్చుకుంటోంది, నేను పక్కనే ఉంటాను, మీకు సరేనా?" అంటే చాలామంది పెద్దవాళ్లు "చేయనివ్వమ్మా, మా మనవరాలి లాంటిది" అంటారు. వద్దంటే వద్దు. రెండుసార్లు సిర దొరకకపోతే మూడోసారి మీరే తీసుకోవాలి, అది రోగి హక్కు.

ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. కేస్ షీటులో ఇంగ్లీషు రాయాలంటే భయం, అందుకే పక్క షీటులోని నాలుగు వాక్యాలే అందరికీ ఎక్కిస్తారు. వాళ్లను ముందు తెలుగులో చెప్పమనండి. రోగి గురించి తెలుగులో ఎంత చక్కగా గమనించారో విని మీరే ఆశ్చర్యపోతారు. గమనింపు ఉంటే ఇంగ్లీషు ఆరు నెలల్లో వస్తుంది.

విద్యార్థులు చేసిన పనులు రాసుకునే లాగ్ పుస్తకాల మీద సంతకాల గురించి ఒక్క మాట. పోస్టింగు చివరి రోజు పన్నెండు పుస్తకాలు బల్ల మీద పడతాయి, "మేడమ్, ఒక్క సంతకం". చూసిన పనికే పెట్టండి. 2003లో స్కాట్లాండ్‌లో క్యాథ్లీన్ డఫీ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనంలో, పని రాని విద్యార్థులను ఆపడానికి అక్కడి నర్సులు కూడా వెనకాడుతున్నారని తేలింది. జాలితో పెట్టిన సంతకమే రెండేళ్ల తరవాత మీ వార్డుకు స్టాఫ్ నర్సుగా వస్తుంది. పని రాకపోతే ముందే, పోస్టింగు మధ్యలోనే, విడిగా పిలిచి చెప్పండి. చివరి రోజు చెప్పడం అన్యాయం.

బ్రిటన్‌కు వెళ్లిన నా పాత విద్యార్థిని ఒకరు ఫోనులో చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది. 2018లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన నియమాల ప్రకారం రోజూ పక్కన ఉండి నేర్పే మనిషి వేరు, చివరికి పని వచ్చిందని తేల్చే మనిషి వేరు. విద్యార్థులను డ్యూటీ సిబ్బంది లెక్కలోనూ కలపరు. మార్కులు వేయని మనిషిని ప్రశ్న అడగడం సులువు, అంతే కిటుకు. మీరు కూడా నేర్పే పని ఆ రెండు మూడేళ్ల సీనియరుకు ఇచ్చి, సంతకం మీ దగ్గర ఉంచుకోండి.

సూది గుచ్చుకోవడం గురించి పన్నెండు మందికీ, ముగ్గురికీ మొదటి రోజే చెప్పాలి. పిండకూడదు, సబ్బుతో పారే నీటి కింద కడగాలి, వెంటనే మీకు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా అని ఇప్పుడే అడగండి, కాలేదంటే ఇప్పించండి. గుచ్చుకున్న సంగతి దాచే పిల్లలే ఎక్కువ, తిడతారన్న భయమే కారణం. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే, అది రోగి అయినా, డాక్టరు అయినా, నేరుగా మీకు చెప్పమని కూడా అప్పుడే చెప్పండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం మీ ఆసుపత్రిలో అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో ముందు మీరు తెలుసుకోండి.

ఇక ఆదివారం రాత్రి. ఆమెను ఆ నైట్ డ్యూటీకి ఒంటరిగా వేయకండి. డ్యూటీ చార్టు ఇప్పుడే మార్చండి. మనిషి దొరకకపోతే మొదటి రాత్రికి మీరే ఉండండి, నేను అలా ఉన్న రాత్రులు చాలా ఉన్నాయి, మర్నాడు సెలవు తీసుకున్నాను. అంతకుముందు, శనివారం డ్యూటీ దిగాక ఆమెను క్యాంటీనుకు తీసుకెళ్లి టీ తాగించండి. "ఎందుకు ఏడ్చావు" అని అడగకండి. "ఈ నెలలో ఏ పని చేసేటప్పుడు చేతులు వణకలేదు?" అని అడగండి. ఏదో ఒకటి ఉంటుంది. బహుశా రోగులతో మాట్లాడటం, లేదా పుండ్లకు డ్రెస్సింగు. అక్కడి నుంచి కట్టుకుంటూ రండి. ఇంత చేశాక కూడా రెండు నెలలకు వెళ్లిపోతానంటే వెళ్లనివ్వండి, లేదా సూపరింటెండెంటుతో మాట్లాడి వేరే వార్డుకు మార్పించండి. మెడికల్ వార్డులో నిలవలేని పిల్ల పిల్లల వార్డులో బంగారంలా పనిచేయడం నేను చూశాను.

రాత్రి ఎనిమిదికి ఓవర్ తీసుకోగానే ఇద్దరూ కలిసి ఆంబు బ్యాగ్, సక్షన్, సిలిండరు చెవి చూసుకోండి. బాగా లేని రోగులు ఎవరో ఆమే చెప్పాలి, ఎందుకో కూడా. ఆ తరువాతి రాత్రులు ఆమె సీనియరుతో ఉన్నప్పుడు మీ ఫోను నంబరు బల్ల మీద అతికించి, ఏ వేళకైనా చేయమనండి. రాత్రి రెండింటికి ఫోను వస్తే "ఇంత చిన్న విషయానికా" అనకండి. వారం తరవాత నాకు రాయండి, ఆమె ఎన్నిసార్లు ఫోను చేసిందో చెప్పండి. ఒక్కసారి కూడా చేయలేదంటే ఆ తరువాతి వారం కూడా రాత్రిపూట ఒకసారి చెప్పకుండా వార్డుకు వెళ్లి చూడండి. అలాగే నెట్టుకొస్తున్న ఆ ఇద్దరి టీపీఆర్ చార్టులో ఏముందో కూడా రాయండి.